ఆడియోమీటర్‌కు మినహాయింపు ఎలా వచ్చింది, దాని షరతు ఏమిటి

అమెరికాలో వినికిడిని కొలిచే మామూలు ఆడియోమీటర్‌ను అమ్మడానికి అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముందస్తు అనుమతి అక్కర్లేదు. పుట్టిన బిడ్డ వినికిడిని తలకు ఎలక్ట్రోడ్లు అతికించి పరీక్షించే యంత్రానికి మాత్రం కావాలి. రెండూ వినికిడి పరీక్షలే అయినా దారులు వేరయ్యాయి.

1976 మే 28న అక్కడ వైద్య పరికరాల సవరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం, అప్పటికే చట్టబద్ధంగా అమ్ముడవుతున్న పరికరానికి తమ కొత్త పరికరం సాటి అని తయారీదారు చూపించాలి. ఆ దరఖాస్తునే చట్టంలోని సెక్షన్ పేరుతో 510(కె) అంటారు. 1986 నవంబరులో చెవి, ముక్కు, గొంతు పరికరాలను వర్గీకరించినప్పుడు ఆడియోమీటర్ రెండో తరగతిలో, అంటే మధ్యస్థ ప్రమాదమున్న పరికరాల్లో, చేరింది. 1997 నాటి మరో చట్టం రెండో తరగతిలో కొన్నింటికి 510(కె) నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. ఆడియోమీటర్‌కు ఆ వెసులుబాటు దక్కింది, అయితే అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ (అన్సీ) ఆడియోమీటర్లకు నిర్దేశించిన ఎస్3.6-1996 ప్రమాణాన్ని పాటించాలన్న షరతుతో.

ఆ షరతు కాగితం మీది లాంఛనం కాదు. వినికిడి పరీక్ష ఫలితాల పటమైన ఆడియోగ్రామ్‌లోని సున్నా నిశ్శబ్దం కాదు. అది హెడ్‌ఫోన్‌ను బట్టి మారే శబ్ద స్థాయి. టీడీహెచ్-39 హెడ్‌ఫోన్‌తో 1000 హెర్ట్జ్ దగ్గర సున్నా రావాలంటే కప్లర్‌లో, అంటే చెవి స్థానంలో పెట్టి శబ్దాన్ని కొలిచే సాధనంలో, 7 డెసిబెల్స్ నమోదు కావాలి. 250 హెర్ట్జ్ దగ్గర 25.5. చెవి లోపల పెట్టే ఇన్‌సర్ట్ ఫోన్‌కు అంకెలూ వేరు, కొలిచే కప్లరూ వేరు. 4000 హెర్ట్జ్ వరకు 3 డెసిబెల్స్ తేడాను, 8000 దగ్గర 5 డెసిబెల్స్ తేడాను మాత్రమే ప్రమాణం ఒప్పుకుంటుంది. కాబట్టి పాడైన హెడ్‌ఫోన్ స్థానంలో వేరే యంత్రానిది తగిలించి, కాలిబ్రేషన్ (ప్రమాణంతో సరిచూసి సర్దడం) లేకుండా పరీక్షిస్తే, అది రోగికి లేని చెవుడును చూపించవచ్చు, లేదా ఉన్నదాన్ని దాచేయవచ్చు. యంత్రమూ హెడ్‌ఫోనూ ఒక జతగానే కాలిబ్రేట్ అవుతాయి. కొనేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మెదడు కాండం ప్రతిస్పందనను కొలిచే ఏబీఆర్ పరీక్షకు 1971లో జెవెట్, విల్లిస్టన్ పరిశోధన దారి చూపింది. అందులో చెవికి శబ్దం వినిపించే భాగాన్ని ఎఫ్‌డీఏ నాడీమండల పరికరాల కింద పెట్టింది. ఆడియోమీటర్ మినహాయింపు దానికి వర్తించదు. 1978లో డేవిడ్ కెంప్ కనుగొన్న, లోపలి చెవి తిరిగి వెలువరించే సన్నని శబ్దాలను కొలిచే ఓఏఈ పరీక్షను కూడా అదే చేతి యంత్రంలో కలిపితే ఒకే దరఖాస్తులో రెండు వర్గీకరణలకూ సమాధానం చెప్పాలి. విద్యుత్ భద్రతకు ఐఈసీ 60601-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నివేదిక, చర్మాన్ని తాకే ఇయర్‌టిప్‌లు, ఎలక్ట్రోడ్లు శరీరానికి హాని చేయవని చూపే ఐఎస్ఓ 10993 పరీక్షలు జతచేయాలి. పోలికకు స్క్రీనింగ్ (ప్రాథమిక వడపోత) యంత్రాన్ని చూపించి, ఉపయోగం దగ్గర ‘రోగనిర్ధారణ’ అని రాస్తే ఆ పోలిక నిలబడదు.

మన దేశంలో ఈ చరిత్ర ఆలస్యంగా మొదలైంది. వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1న అమల్లోకి వచ్చినా, అన్ని పరికరాలనూ ఔషధాల చట్టం కిందికి తెచ్చింది 2020 ఫిబ్రవరి 11 నాటి నోటిఫికేషన్. ప్రమాదాన్ని బట్టి పెట్టిన తరగతుల్లో, ఏ, బీ తరగతులకు (ఏ తరగతిలో కొన్నింటికి తప్ప) 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. అమెరికాలో ఉన్న మినహాయింపు ఇక్కడ చెల్లదు. దిగుమతిదారు ఎండీ-14 ఫారంలో దరఖాస్తు పెట్టి ఎండీ-15 ఫారంలో ఇచ్చే దిగుమతి లైసెన్సు తెచ్చుకోవాలి. వైజాగ్‌లోనైనా వరంగల్‌లోనైనా ఆసుపత్రి యంత్రం కొనేటప్పుడు ఆ లైసెన్సు ప్రతి అడగాలి. కాలిబ్రేషన్ పత్రంలో యంత్రం సీరియల్ నంబరుతో పాటు హెడ్‌ఫోన్ నంబరు కూడా ఉందో లేదో చూసుకోవాలి.