మేడారం అడవి: కంకవనం కూపుగా మారిన కథ

ములుగు జిల్లా కమలాపురంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయిన, కలప నుంచి గుజ్జు తీసే మిల్లును మళ్లీ తెరిపించాలన్న డిమాండు వినిపించినప్పుడల్లా, మిల్లుకు కావలసిన కలప ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం నడుమ అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. సుమారు 50,000 చెట్లు పడిపోయి ఉంటాయని అటవీశాఖ మొదట అంచనా వేసింది. అప్పటి నుంచి, పడిపోయిన చెట్టు ఎవరిదన్న మరో ప్రశ్న కూడా దీనికి తోడైంది.

సమ్మక్క కాకతీయ సేనలను ఎదిరించిన కథా, 1996లో మేడారం జాతర రాష్ట్ర పండుగ కావడమూ అందరికీ తెలిసినవే. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే మాత్రం 1970ల దగ్గర ఆగి చూడాలి.

1972లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఇచ్చిన మధ్యంతర నివేదిక, విలువ తక్కువైన మిశ్రమ అడవులను తొలగించి వాటి స్థానంలో త్వరగా ఎదిగే చెట్లను తోటలుగా పెంచాలనీ, బ్యాంకు రుణాలు తెచ్చుకునే వీలున్న కార్పొరేషన్లకు ఆ పని అప్పగించాలనీ సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ 1975లో ఆ ఆలోచన నుంచే పుట్టింది. గోదావరి ఒడ్డున సారపాకలో 1979లో కాగితపు మిల్లు పని మొదలుపెట్టగా, 1980ల ఆరంభంలో కమలాపురంలో రేయాన్ గుజ్జు తీయడం మొదలైంది. ఇన్నేళ్ల గొడవకూ మూలం ఆ నివేదికలోని ‘విలువ తక్కువ’ అన్న మాటలోనే ఉందని నా అభిప్రాయం. ఇప్ప, తునికి, మద్ది, వెదురు కలగలిసి పెరిగిన అడవి మిల్లు లెక్కలో తక్కువ విలువది కావచ్చు. ఇప్పపువ్వు ఏరుకుని, తునికాకు కోసుకుని బతికే కోయ కుటుంబం లెక్కలో అది ఎన్నడూ తక్కువ కాలేదు.

పూజారుల లెక్కలో అసలే కాలేదు. జాతర గురువారం ఉదయం వారు అడవికి వెళ్లి వెదురు కొట్టి, డోలు వాద్యాల మధ్య భుజాల మీద మోసుకొచ్చి గద్దెల మీద నిలుపుతారు. దానినే కంకవనం అంటారు. కంక అంటే వెదురే. ఆకులతో ఉన్న ఆ పచ్చి వెదురు గద్దె మీద నిలిచాకే, సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమభరిణె రూపంలో దిగివస్తుంది. జాతరకూ జాతరకూ మధ్య రెండేళ్లు తల్లి ఏకాంతంగా ఉండే చోటు ఆ గుట్ట. పూజారులు తప్ప మరొకరు దాన్ని ఎక్కరాదన్నది కట్టుబాటు. గుడి గోపురం లేని ఈ క్షేత్రంలో అడవే గర్భగుడి. అలాంటి వెదురు కూపులుగా, అంటే నరికేందుకు హద్దులు వేసిన అడవి ముక్కలుగా, టన్నులుగా రిజిస్టర్లకెక్కి ముడిసరుకయింది.

మిల్లు కోరేవారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. మూతపడిన నాటి నుంచి వందలాది కార్మిక కుటుంబాలు చెదిరిపోయాయి. పరిశ్రమలు తమ ముడిసరుకును తామే సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పాక మిల్లులు రైతుల పొలాల్లోని జామాయిల్, సుబాబుల్ వైపు మళ్లాయనీ, ఇప్పుడు సహజ అడవి జోలికి పోవలసిన పని లేదనీ వారంటారు. రైతు పొలం వరకు ఆ మాట నిజమే. కార్పొరేషన్ జామాయిల్ తోటలు నిలిచిన నేల మాత్రం ఒకప్పటి అడవే. వరసలు తీర్చి నాటిన ఆ చెట్ల కింద ఇప్పపువ్వు రాలదు, కంక మొలవదు.

చట్టం ఆలస్యంగానైనా ఊరివైపు కదిలింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, తమ సాంస్కృతిక వారసత్వానికి హాని చేసే పనుల నుంచి ఆవాసాన్ని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2013 ఏప్రిల్ 18న ఒడిశాలోని నియమగిరి కేసులో సుప్రీంకోర్టు, కొండ మీద డోంగ్రియా కోందు గిరిజనుల మతపరమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. అక్కడిది బాక్సైటు గని, ఇక్కడిది కలప. అయినా కొండను దైవంగా కొలిచేవారి మాట ముందుగా వినాలన్న సూత్రం చిలకలగుట్టకూ వర్తించాలి.

ఇక పడిపోయిన చెట్ల విషయానికి వస్తే, అభయారణ్యాల్లో ఎండిన చెట్లనూ గాలికి కూలిన చెట్లనూ సైతం తొలగించరాదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. తాడ్వాయి అడవి కూడా కలిసిన ఏటూరునాగారం అభయారణ్యంలో కూలిన మానును వృథాగా పోతున్న కలప అనేవారు ముందుగా ఈ ఆదేశానికి జవాబు చెప్పాలి. ఆ గాలి ఊళ్ల మీదికి రాకుండా తల్లులే కాపాడారని ఇక్కడి భక్తులు నమ్ముతారు. వారి దృష్టిలో ఆ చెట్లు ఊరి కోసం నేలకొరిగినవి. తాడ్వాయి మండలం గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణలిచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతం గనుక, మిల్లు ప్రతిపాదన ఏ రూపంలో వచ్చినా, ఏ కలప, ఏ బీటు (అటవీ గార్డు పరిధిలోని అడవి) నుంచి, ఎన్ని టన్నులు అన్న లెక్క ముందుగా ఇక్కడి గ్రామసభల ముందుకు రావాలి.