చివరి మూడొందల మీటర్లు

ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ల మీద ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర కుడివైపు తిరిగి కరకట్ట ఎక్కుతాం. అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. అమరావతి దాకా తొక్కి, ఇడ్లీ తిని వెనక్కి. తిరుగుదారిలో ఉండవల్లి ముందు ఒక చింతచెట్టు ఉంది. అది మా గుంపు పెట్టుకున్న గెలుపు గీత.

నాకు 54. మిగతావాళ్లంతా ముప్పై లోపు పిల్లలు. కిందటి డిసెంబరులో ఒక ఆదివారం గంటకు 32 కిలోమీటర్ల వేగంతో వాళ్లతో సమానంగానే వచ్చాను. ఆయాసం లేదు. చెట్టు కనపడగానే అందరూ లేచి నిలబడి తొక్కారు. నేనూ లేచాను. మూడొందల మీటర్లలో వాళ్లు నాకు బొమ్మల్లా చిన్నవైపోయారు. ‘మోకాలు పట్టేసిందా బాబాయ్?’ అన్నాడొకడు. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ముప్పై కిలోమీటర్లు లేని ముసలితనం ఆ మూడొందల మీటర్లలో ఎక్కడి నుంచి ఊడిపడింది?

ముప్పై కిలోమీటర్ల గొప్పలో సగం నాది కాదని ముందే ఒప్పుకోవాలి. సైకిల్ మీద మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం పెరిగితే గాలి మీద పెట్టాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 25 నుంచి 30కి వెళ్లాలంటే వేగం పెరిగేది అయిదో వంతే, గాలికి కట్టే సుంకం మాత్రం డెబ్భై శాతం పైన పెరుగుతుంది. ముందువాడి వెనక చక్రానికి అంటుకుని వెళ్తే ఆ సుంకంలో చాలా భాగం వాడే కడతాడు. చెట్టు దగ్గర ఎవరి సుంకం వాళ్లదే.

మిగతా సగం సమాధానం కోడికూరలో ఉంది. కోడి తొడ ముక్క ఎర్రగా, రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది కదా. తొడ రోజంతా నడిచే కండ. దానివి నెమ్మదిగా, అలసట లేకుండా పనిచేసే పోగులు. ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ వల్ల వాటికి ఆ ఎరుపు. రొమ్ము కండ ఎప్పుడో ఒకసారి రెక్కలు టపటపలాడించి గోడెక్కడానికి. అవి వేగం పోగులు, చప్పున మండి చప్పున ఆరిపోతాయి. మన తొడల్లో ఈ రెండు రకాలూ కలిసే ఉంటాయి.

వయసు ముందు వేగం పోగుల మీద పడుతుంది. వెన్నుపాములో కండరాలను నడిపే నరకణాలు కాలంతో కొన్ని చనిపోతాయి. వాటి కింద ఉన్న పోగులు అనాథలవుతాయి. పక్కనున్న నరం కొత్త కొమ్మ వేసి వాటిలో కొన్నింటిని దత్తత తీసుకుంటుంది. ఆ నరం చాలాసార్లు నెమ్మది రకానిది. దత్తత వెళ్లిన పోగు ఆ ఇంటి పద్ధతే నేర్చుకుంటుంది. దత్తత దొరకనివి రాలిపోతాయి. మిగిలిన వేగం పోగులు కూడా సన్నబడతాయి. చింతచెట్టు దగ్గర నేను పిలిచినప్పుడు పలకాల్సినవాళ్లు సగం మంది లేరన్నమాట.

గుండెదీ ఇలాంటి కథే. ముప్పై నాలుగేళ్లప్పుడు గట్టిగా తొక్కితే గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టు నిమిషానికి 184 చూపించేది. ఇప్పుడు 168 దాటదు. బెల్టు పాడైందనుకుని రెండుసార్లు బ్యాటరీ మార్చాను! గుండె లయని నడిపే కణాల సొంత వేగం వయసుతో తగ్గుతుంది, అడ్రినలిన్ పిలుపుకి అవి మునుపటంత ఉలిక్కిపడవు. గుండె గరిష్ఠ వేగానికి 220లోంచి వయసు తీసేయమనే లెక్క అందరికీ తెలుసు. 2001లో వచ్చిన మెరుగైన లెక్క: వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయడం. నాకది 170. ఎవరికైనా పది అటూ ఇటూ ఉండొచ్చు. ఎంత సాధన చేసినా ఈ పైహద్దు పెద్దగా కదలదు.

మరి కదిలేదేమిటి? శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ ముప్పై దాటాక పదేళ్లకి సుమారు పది శాతం తగ్గుతుంది. వ్యాయామం మానని వాళ్లలో ఆ తరుగు దాదాపు సగమే. ఫ్రాన్సులో రాబర్ట్ మర్షాన్ అనే పెద్దాయన 2012లో, నూరేళ్లు నిండాక, గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. రెండేళ్ల సాధన తర్వాత 102 ఏళ్ల వయసులో 26.927 తొక్కాడు. ఈలోపు ఆయన ఆక్సిజన్ కొలత 31 నుంచి 35కి పెరిగింది. సాధనలో ఎక్కువ భాగం తేలిగ్గా తొక్కడమే. లండన్ కింగ్స్ కాలేజీ, బర్మింగ్‌హామ్ పరిశోధకులు 55 నుంచి 79 ఏళ్ల ఔత్సాహిక సైక్లిస్టులు 125 మందిని పరీక్షిస్తే, రోగనిరోధక శక్తికి కావలసిన కొత్త టీ కణాల తయారీ వాళ్లలో పడుచువాళ్లకు దగ్గరగానే ఉంది. 2018లో వచ్చిన ఫలితమిది. అయితే వాళ్లలో మగవాళ్లు ఆరున్నర గంటల్లోపు నూరు కిలోమీటర్లు తొక్కగలిగితేనే పరీక్షలోకి రానిచ్చారు. అంటే గట్టివాళ్లని ముందే ఏరారు. ఆ సంగతి మర్చిపోయి మురిసిపోకూడదు.

సైకిల్ ఇవ్వనిదొకటి ఉంది, ఎముక బలం. బరువంతా సీటు మీద ఉంటే ఎముకకి అదురు తగలదు, తగలనిదే అది గట్టిపడదు. ఏళ్ల తరబడి పందేలు తొక్కినవాళ్ల నడుము ఎముకలు పల్చగా ఉన్నట్టు తేలింది. అందుకే వారానికి రెండు రోజులు బరువులెత్తుతున్నాను. కాస్తో కూస్తో వేగం పోగులకి కూడా అదే మందు. పప్పు, గుడ్డు పెంచాను. వయసు మీరాక దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. బెజవాడ ఎండలో అది ప్రమాదం కాబట్టి దాహం కోసం చూడకుండా గడియారం చూసి తాగుతున్నాను.

చెట్టు పందెం మానేశాను. మొదట్లో ఆదివారాలు రోషంగానే ఉండేది, దాచను. ఇప్పుడు నా చూపు బ్రెవే అనే దూరపు సైకిల్ యాత్ర మీద ఉంది. అది పందెం కాదు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు. మొదటి రెండో స్థానాలు లేవు. దానికి రిహార్సల్‌గా జనవరిలో ముందు గుంటూరు వెళ్లొచ్చి, అటు నుంచి అటే బందరు బయల్దేరాను. మోకాలి గురించి అడిగిన కుర్రాడు తోడొచ్చాడు. పామర్రు దాటాక సముద్రం గాలి ఎదురు కొట్టింది. కాసేపు చూసి, వాడు మెల్లగా నా వెనక చక్రానికి అంటుకున్నాడు. బందరులో రెండు లడ్లు తిన్నాక గానీ మాట్లాడలేదు. సాయంత్రం బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కనపడేసరికి మాత్రం సీటు మీంచి లేచి నన్ను దాటి పోయాడు. నేను లేవలేదు. మంచినీళ్లు తాగే టైమయింది.