కొల్లేరు పాత పటంలో నీలిగీత హద్దు కాదు

ఎవరైనా పాత పటం జిరాక్సు మడిచి చేతిలో పట్టుకుని వస్తున్నారంటే ఏం అడుగుతారో నాకు ముందే తెలుసు. "బ్రిటిష్ వాళ్ల మ్యాపులో సరస్సు ఇక్కడికే ఆగిందండీ, నా చెరువు బయటే కదా?" కైకలూరు చుట్టుపక్కల 20 ఏళ్లుగా కొలతలు తీస్తున్నాను. ఈ అపోహకు పోయినంత డబ్బు మరి దేనికీ పోలేదు.

అపోహ: టోపో షీటులో, అంటే ఆ పాత సర్వే పటంలో, నీలిగీతే కొల్లేరు హద్దు.

వాస్తవం: సర్వే జరిగిన రోజుల్లో నీళ్లు ఎక్కడున్నాయో ఆ గీత చెబుతుంది, అంతే. సర్వే పార్టీలు ప్లేన్ టేబుల్ (పటం గీసే బల్ల) వేసుకుని తిరిగేది వానలు తగ్గాకే. కొల్లేరులో కలిసే బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు అక్కడ నిలబడేదెవరు? చిన్నప్పుడు ఏప్రిల్లో గేదెలు మేపిన చోటే సెప్టెంబరులో తాటిదోనె మీద వెళ్లేవాళ్లం. 1999లో అభయారణ్యం ప్రకటించినప్పుడు నీటి అంచును పట్టుకోలేదు, 5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) తీసుకున్నారు. అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల కాంటూరు దాకా పోతే 901. కాంటూరంటే ఎత్తు. బెంచ్‌మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి లెవెల్ తీస్తేనే తెలుస్తుంది, కాగితం మీద స్కేలు పెడితే తెలియదు. జిరాయితీ (సొంత భూమి) పట్టా ఉన్నంత మాత్రాన కాంటూరు బయట ఉన్నట్టూ కాదు.

పోయినేడాది ఒకాయన కూతురి పెళ్లికి దాచిన డబ్బు రెండెకరాలకు అడ్వాన్సుగా ఇచ్చేసి, ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు. లెవెల్ తీస్తే మొత్తం 5 అడుగుల లోపలే. "లామినేషన్ చేయించి మరీ ఇచ్చాడండీ బ్రోకరు" అని గట్టు మీదే కూలబడ్డాడు. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు చూసిన ముఖాలే గుర్తొచ్చాయి. ఆ మధ్యాహ్నం ఇంక పని సాగలేదు.

మిగతావి త్వరగా చెబుతాను. అచ్చు వేసిన ఏడాది, సర్వే చేసిన ఏడాది ఒకటి కావు. షీటు అంచున రెండూ చూడండి. ఫోన్లో ఉపగ్రహ చిత్రం మీద పాత పటం పరిచి హద్దు తేల్చొద్దు: మైలుకు అంగుళం పటంలో అర మిల్లీమీటరు గీతంటే నేల మీద 30 మీటర్లు. పటంలో పేరు లేని లంకను ఖాళీ చేయిస్తారన్న పుకారైతే విని విని విసుగొచ్చింది. ఆ స్కేలులో చిన్న ఊళ్లన్నీ పట్టవు. భయపడకండమ్మా, మీ ఊరి సంగతి తేల్చేది గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం), ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు).

అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ నకలు పట్టుకురండి. వెళ్లి లెవెల్ తీద్దాం.