కొలిమి దగ్గర పుట్టిన ఇంటిపేరు

ఊళ్లో నలభై ఇళ్లున్నాయి, అందరూ దుక్కి దున్నేవాళ్లే అనుకోండి. ఇవాన్ అనే పేరున్నవాళ్లు అయిదుగురు. "రైతు ఇవాన్‌ని పిలుచుకురా" అంటే వెళ్లినవాడికి ఎవరిని పిలవాలో తెలియదు. "కమ్మరి ఇవాన్" అంటే ఆ చిక్కు లేదు. ఊరికి కొలిమి ఒక్కటే, దాని ముందు సమ్మెట పట్టుకునే మనిషీ ఒక్కడే. కొవాల్, కొవాచ్, కొవాల్స్కి, కొవలెంకో అంటూ స్లావిక్ దేశాలన్నిటా, అంటే రష్యన్, పోలిష్, సెర్బియన్ లాంటి ఒకే కుటుంబపు భాషలు మాట్లాడే దేశాలన్నిటా, రకరకాల రూపాల్లో వినిపించే ఇంటిపేరు ఇలా పుట్టింది. ఊరంతా చేసే పని ఎవరికీ గుర్తుగా పనికిరాదు. ఒక్కడు చేసే పనే గుర్తవుతుంది, ఆ గుర్తే కొడుక్కీ మనవడికీ ఇంటిపేరై అంటుకుంటుంది. ఇంగ్లండ్‌లో స్మిత్, జర్మనీలో ష్మిట్, అరబ్బుల్లో హద్దాద్, ఇటలీలో ఫెరారీ అంత విస్తారంగా ఉండటానికి కారణం కూడా ఇదే. అన్నీ కమ్మరి పేర్లే.

స్లావిక్ భాషల్లో దీని మూలం 'కొవాతి' అనే క్రియ. కాల్చిన ఇనుమును కొట్టి సాగదీయడం అని అర్థం. ఇంగ్లిష్‌లో గొడ్డలితో నరకడాన్ని చెప్పే 'హ్యూ' అనే మాట, లిథువేనియన్‌లో కొట్టడం, చంపడం అనే అర్థాలున్న 'కౌతి' అనే మాట దీనికి దూరపు చుట్టాలు. వేల ఏళ్ల కిందట అన్నీ ఒకే ధాతువు నుంచి విడిపోయాయి. గుర్రపు లాడాన్ని రష్యన్‌లో 'పద్కోవా' అంటారు. 'పద్' అంటే కింద, 'కోవా' అంటే కొట్టినది. మాటలోనే గుర్రం కాలూ కమ్మరి చేయీ కనిపిస్తాయి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంకొకటుంది. రష్యన్‌లో జిత్తులమారిని 'కొవార్నీ' అంటారు. అదీ ఈ ధాతువులోంచి వచ్చిందే. నిప్పుతో, ఇనుముతో పనిచేసి రాయిలాంటి ముద్దను కత్తిగా మార్చేవాడి నేర్పు చూసి పాత రోజుల జనం ఎంత గౌరవించారో, అంత భయపడ్డారు కూడా. ఆ భయం ఈ మాటలో ఇంకా మిగిలి ఉంది.

ధాతువు ఒకటే అయినా, ఒక్కో దేశం దానికి ఒక్కో తోక తగిలించింది. ఉక్రెయిన్‌లో కమ్మరిని 'కొవాల్' అంటారు. కమ్మరి కొడుకు కొవలెంకో, కమ్మరి దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు లేదా కొడుకు కొవల్చుక్. పోలండ్‌లో కొవాల్స్కి, కొవాల్చిక్. చెక్ దేశంలో కొవార్జ్, స్లొవాకియాలో కొవాచ్, స్లొవేనియాలో కొవాచిచ్, సెర్బియా, క్రొయేషియాల్లో కొవాచెవిచ్, బల్గేరియాలో కొవాచెవ్. ఇంటిపేరు వింటే చాలు, ఆ మనిషి పూర్వీకుల ఊరు మ్యాప్‌లో ఏ వైపుందో చాలావరకు ఊహించవచ్చు. పోలండ్‌లో కొవాల్స్కి ఎంత మామూలు పేరంటే, మనం 'ఫలానా సుబ్బారావు' అన్నట్టు అక్కడ సగటు మనిషిని 'యాన్ కొవాల్స్కి' అంటారు.

'స్కి' తోక సంగతి కొంచెం వేరు. అది చాలాసార్లు ఊరి పేరుకు తగులుతుంది. కొవాలే, కొవలేవో లాంటి ఊళ్లు పోలండ్‌లో చాలా ఉన్నాయి. ఒకప్పుడు కమ్మరులు ఉన్న చోట్లు కాబట్టి వాటికి ఆ పేర్లు. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లో, ఆ ఊరి భూస్వాములో కొవాల్స్కి, కొవలెవ్‌స్కీ అయ్యారు. అంటే ఇంటిపేరులో కమ్మరి ఉన్నా, ఆ ఇంట్లో ఎవరూ సమ్మెట పట్టి ఉండకపోవచ్చు. తాడేపల్లి, వేమూరి లాంటి మన ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చినట్టే ఇదీ.

ఈ మాట స్లావిక్ భాషల గడప కూడా దాటింది. హంగేరియన్ వేరే కుటుంబానికి చెందిన భాష. అయినా అక్కడి జనం కమ్మరిని పిలిచే మాటను పొరుగున ఉన్న స్లావుల దగ్గరే తీసుకున్నారు. లాడానికి వాళ్లు చెప్పే 'పత్కో' కూడా స్లావుల పద్కోవా నుంచి వెళ్లిందే. ఈ రోజు కొవాచ్ అనేది హంగేరీలో అతి సాధారణమైన ఇంటిపేర్లలో ఒకటి. అక్కడ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కొవాచ్ యానోష్ అంటారు.

రష్యాలో మాత్రం కమ్మరికి స్థిరపడిన మాట 'కుజ్నెత్స్'. దాన్నుంచి కుజ్నెత్సోవ్ వచ్చింది. వినడానికి వేరుగా ఉన్నా అదీ కొవాతి సంతానమే. సోవియట్ కాలంలో వ్లదీమిర్ నికోనోవ్ అనే భాషా పరిశోధకుడు ఏ జిల్లాలో ఏ ఇంటిపేరు ఎక్కువో లెక్కకట్టి, యూరప్ వైపు రష్యాను నాలుగు ముక్కలుగా చూపించారు. ఇవానోవ్‌లు ఎక్కువున్న ప్రాంతం, స్మిర్నోవ్‌ల ప్రాంతం, పొపోవ్‌ల ప్రాంతం, కుజ్నెత్సోవ్‌ల ప్రాంతం. ఉక్రెయిన్, బెలారుస్ సరిహద్దు జిల్లాల వైపు వెళ్లేకొద్దీ కుజ్నెత్సోవ్ తగ్గి కొవల్యోవ్ పెరుగుతుంది. అక్కడి పల్లెటూరి మాటలో కమ్మరి అంటే కొవాల్ కాబట్టి. కమ్మరులు రెండు చోట్లా ఉన్నారు, మాట మారింది, ఆ మార్పు ఇంటిపేరులో భద్రంగా ఉండిపోయింది.

మరి కొవాల్ అనే పేరున్నవాళ్లంతా ఒకే వంశమా? కాదు. వేల ఊళ్లలో వేల కొలుముల దగ్గర ఈ పేరు విడివిడిగా పుట్టింది. ఇంటిపేరును జీవశాస్త్రం కోసం వాడుకోవచ్చని మొదట చూపినవాళ్లలో చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ ఒకరు. 1875లో ఆయన, ఒకే ఇంటిపేరున్న దంపతులను లెక్కించి, ఇంగ్లండ్‌లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎన్ని జరుగుతున్నాయో అంచనా వేశారు. వందేళ్లు దాటాక జన్యుశాస్త్రం ఇంకో దారి చూపింది. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు ఎలా వెళ్తుందో, వై క్రోమోజోమ్ కూడా అలాగే వెళ్తుంది. కాబట్టి ఒకే మూలపురుషుడు ఉంటే, ఆ పేరున్న మగవాళ్ల వై క్రోమోజోమ్‌లు కూడా కలవాలి. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ బ్రిటిష్ ఇంటిపేర్లతో ఇది పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో అత్యధికులకు వై క్రోమోజోమ్ ఒకే రకంగా ఉంది. స్మిత్ దగ్గరికి వచ్చేసరికి ఆ పోలిక మాయమైంది. ఇద్దరు స్మిత్‌లకున్న చుట్టరికం, దారిన పోయే ఏ ఇద్దరికైనా ఉన్నంతే. ఎన్నోచోట్ల విడిగా పుట్టిన కొవాల్‌కూ ఇదే తర్కం వర్తిస్తుంది.

అందుకే ఈ పేరున్న గొప్పవాళ్లను చెప్పుకునేటప్పుడు వాళ్లను ఒక తాటిమీద కట్టలేం. బెలారుస్ పల్లెలో పుట్టిన వ్లదీమిర్ కొవల్యోనక్ మూడుసార్లు అంతరిక్షంలోకి వెళ్లారు. 1978లో సల్యూత్-6 కేంద్రంలో దాదాపు 140 రోజులు ఉండి అప్పటికి రికార్డు నెలకొల్పారు. ఆయన ఇంటిపేరుకు అర్థం 'కమ్మరి పిల్లాడు'. అమెరికాలో పుట్టి బ్రిటన్‌లో పనిచేసిన రాబర్ట్ కొవాల్స్కి, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను తర్కశాస్త్ర వాక్యాలతో రాయవచ్చని చూపినవాళ్లలో ముఖ్యుడు. ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు పునాది ఆ ఆలోచనే. సెర్గేయ్ కొవల్యోవ్ జీవభౌతిక శాస్త్రవేత్త. సోవియట్ రోజుల్లో మానవ హక్కుల కోసం నోరు విప్పినందుకు 1974 చివర్లో అరెస్టయి, ఏడేళ్లు జైలు శిబిరంలో, మూడేళ్లు దేశం లోపలే ప్రవాస శిక్షలో గడిపారు. ముగ్గురి ఇంటిపేర్లలోనూ అదే సమ్మెట. ముగ్గురికీ చుట్టరికం లేదు.

చుట్టరికం నిజంగా ఉన్న ఒక ఇల్లు మాత్రం సైన్సు చరిత్రలో ఉంది. కొవలెవ్‌స్కీల ఇల్లు. ఇప్పటి లాట్వియా ప్రాంతంలోని చిన్న భూస్వాముల కుటుంబం వాళ్లది. అన్న అలెక్సాందర్ 1840లో, తమ్ముడు వ్లదీమిర్ 1842లో పుట్టారు.

సముద్రపు రాళ్లకు అంటుకుని బతికే అసిడియన్లు అనే జీవులుంటాయి. చూడటానికి చిన్న తోలుసంచిలా ఉంటాయి. తలా లేదు, తోకా లేదు. వాటిని అప్పట్లో నత్తల జాతిలో కలిపేసేవారు. అలెక్సాందర్ మైక్రోస్కోప్ కింద వాటి గుడ్డు నుంచి పిల్ల ఎలా పెరుగుతుందో ఓపికగా గమనించారు. పిల్ల దశలో అది తోకకప్పలా ఈదుతుంది. దాని తోకలో వెన్నెముకకు ముందురూపమైన నోటోకార్డ్ అనే కడ్డీ ఉంది, దానిపైన నాడీగొట్టం ఉంది. పెద్దయ్యాక అవి కరిగిపోతాయి. 1866లో ఆయన ప్రచురించిన ఈ పరిశీలన అర్థం ఏమిటంటే, ఆ తోలుసంచి నత్తలకన్నా మనకే దగ్గర. చార్లెస్ డార్విన్ దీన్ని చూసి ఎంతో సంతోషపడ్డారు. 1871లో మనిషి పుట్టుక గురించి రాసిన పుస్తకంలో వెన్నెముక జీవుల మూలాన్ని చర్చిస్తూ కొవలెవ్‌స్కీ పేరు చెప్పి మరీ రాశారు.

వ్లదీమిర్ డార్విన్ రచనలను రష్యన్‌లోకి అనువదించి అచ్చువేశారు. తర్వాత శిలాజాల మీద మనసు పడింది. యూరప్ మ్యూజియంలలో పాత గుర్రాల కాళ్ల ఎముకలు, పళ్లు పక్కపక్కన పెట్టి చూశారు. అడవులు తగ్గి గడ్డిమైదానాలు పెరిగేకొద్దీ గుర్రం పక్కవేళ్లు ఎలా సన్నబడ్డాయో, గరుకు గడ్డి నమలడానికి పళ్లు ఎలా ఎత్తు పెరిగాయో ఆ ఎముకల్లోంచే చెప్పారు. ఎముకను వర్ణించి వదిలేసే రోజుల్లో, ఆ జంతువు ఎలా నడిచింది, ఏం తిన్నది అని అడిగిన మనిషి ఆయన.

ఆయన జీవితంలో మనం ఎక్కువ గుర్తుంచుకునేది పెళ్లి. సోఫియా కోర్విన్-క్రుకోవ్‌స్కాయా 1850లో మాస్కోలో పుట్టారు. ఆమె పుట్టింటి పేరులో కమ్మరి లేడు, బొంతకాకి ఉంది. లాటిన్ 'కోర్వుస్', పోలిష్ 'క్రుక్' రెండిటికీ అర్థం అదే. పల్లెటూరి ఇంట్లో గోడ కాగితం చాలక, పిల్లల గదికి కలనగణితం పాఠాల పాత ప్రతులు అతికించారు. అర్థం కాని ఆ గుర్తుల ముందు ఆ పిల్ల గంటలు గంటలు నిలబడేది. అప్పట్లో రష్యాలో ఆడవాళ్లకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. పెళ్లికాని అమ్మాయి తండ్రి అనుమతి లేకుండా విదేశం వెళ్లడానికి వీల్లేదు. దీనికి ఆనాటి యువత కనిపెట్టిన ఉపాయం కాగితం మీది పెళ్లి. 1868లో వ్లదీమిర్ అలాగే ఆమెను చేసుకున్నారు, చదువుకోనివ్వడానికి. తర్వాత ఆ పెళ్లి నిజమైంది, 1878లో ఒక కూతురు పుట్టింది. అంటే కొవలెవ్‌స్కీ అనే పేరును ప్రపంచం మరిచిపోకుండా చేసిన మనిషికి ఆ పేరు రక్తం నుంచి రాలేదు, పాస్‌పోర్ట్ కోసం వచ్చింది. పెళ్లితో ఇంటిపేరు మారే మన ఆడపిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. కొత్తదల్లా ఆ మార్పు తలుపు మూయకుండా తెరవడం.

బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆమెను క్లాసులో కూర్చోనివ్వలేదు. గొప్ప గణితవేత్త వైయర్‌ష్ట్రాస్ నాలుగేళ్లు విడిగా పాఠం చెప్పారు. 1874లో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది. సమర్పించిన మూడు వ్యాసాల్లో ఒకటి, ఒక తరహా పాక్షిక అవకలన సమీకరణాల్లో (ఒకేసారి చాలా రాశుల మీద ఆధారపడే మార్పును చెప్పే సమీకరణాలు), సమీకరణమూ ఆరంభ విలువలూ ఘాతశ్రేణులుగా రాయగలిగేవైతే, ఆరంభ స్థితి దగ్గర్లో అలాంటి సమాధానం ఒకే ఒక్కటి ఉంటుందని నిరూపించింది. ఆమె పేరుకు ముందు ఫ్రెంచ్ గణితవేత్త కోషీ పేరు చేర్చి దాన్ని కోషీ-కొవలెవ్‌స్కాయా సిద్ధాంతం అంటారు. డాక్టరేట్ చేతిలో ఉన్నా ఏళ్ల తరబడి ఉద్యోగం రాలేదు. వ్యాపారంలో దెబ్బతిన్న వ్లదీమిర్ 1883లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఆమె స్టాక్‌హోమ్ చేరి, 1884 మొదట్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

అక్కడ ఆమె తేల్చిన లెక్క బొంగరానిది. బొంగరం తిరగడం పిల్లలకు ఆట, గణితానికి మహా మొండి సమస్య. ఒక బిందువు దగ్గర పట్టి ఉంచిన వస్తువు బరువుతో ఊగుతూ ఎలా తిరుగుతుందో కచ్చితంగా చెప్పగల సందర్భాలు అప్పటికి రెండే. ఒకటి ఆయిలర్, ఇంకోటి లగ్రాంజ్ కనిపెట్టారు. వందేళ్ల పాటు మూడోది ఎవరికీ దొరకలేదు. సోఫియా కనిపెట్టారు. సౌష్ఠవం లగ్రాంజ్ బొంగరంలా సుళువుగా ఉండదు, బరువు కేంద్రం పక్కకు జరిగి ఉంటుంది, అయినా సమీకరణాలు లొంగుతాయి. 1888లో ఫ్రెంచ్ అకాడమీ బోర్దాఁ బహుమతి పోటీకి పేరు లేకుండా పంపిన ఈ వ్యాసాన్ని చూసి, 3,000 ఫ్రాంకుల బహుమతిని 5,000 చేశారు. మూడేళ్లయినా గడవకముందే, 1891 ఫిబ్రవరిలో, న్యుమోనియాతో ఆమె చనిపోయారు. వయసు 41.

రష్యన్‌లో ఇంటిపేరుకు కూడా లింగం ఉంది. భర్త కొవలెవ్‌స్కీ, భార్య కొవలెవ్‌స్కాయా. పశ్చిమ యూరప్ పత్రికల్లో ఆమె సోఫీ కొవలెవ్‌స్కి అని పురుష రూపంలోనే సంతకం చేశారు. అందుకే చాలా పాఠ్యపుస్తకాల్లో సిద్ధాంతం పేరు ఇప్పటికీ కోషీ-కొవలెవ్‌స్కి అనే ఉంటుంది. అది చదివే విద్యార్థికి రాసింది ఒక స్త్రీ అని తట్టదు. నాకు అది ప్రతిసారీ బాధగానే అనిపిస్తుంది. చంద్రుడి అవతలి వైపున, భూమి నుంచి కనిపించని చోట, వంద కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఒక గుంటకు 1970లో ఆమె పేరు పెట్టారు. మ్యాప్‌లో ఆ పేరు కొవలెవ్‌స్కాయా అనే ఉంది.