దుమ్ము ఊరికి, నిర్ణయం బోర్డుకు: సీఎస్ఆర్ నిధుల పంచాయితీ వెనుక కథ

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఊళ్లలో సీఎస్ఆర్ నిధుల (కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం ఖర్చు చేయాల్సిన సొమ్ము) గొడవ మళ్లీ రాజుకుంది. దుమ్ము మాకు, సొమ్ము ఇంకో ఊరికా అని జనం అడుగుతున్నారు. 2021 ఆగస్టులో కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణ కంపెనీలకు కలిసొచ్చింది. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం మార్గదర్శకమే, తప్పనిసరి కాదని, జాతీయ అవసరాలనూ చూసుకోవాలని అందులో ఉంది.

ధనవంతులు తమ సంపదకు ధర్మకర్తలు మాత్రమేనన్న గాంధీ మాట దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. అసలు మలుపు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలేది) 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలైంది. అంతకుముందు బడికి బెంచీలు, గుడికి సున్నం యాజమాన్యం దయ మీద వచ్చేవి. లెక్క తేలాక అడిగేవాళ్లూ పెరిగారు.

ఎవరు నిర్ణయించాలన్న దగ్గరే చట్టం ఊరిని వదిలేసింది. పరిశ్రమ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలంది కానీ, ఎక్కడ ఖర్చు చేయాలో తేల్చేది కంపెనీ డైరెక్టర్ల బోర్డు. గ్రామసభకు అందులో చోటు లేదు. ఆ ఖాళీలోకి నాయకులు దూరారు. ఇప్పుడు రోడ్డు కావాలన్నా, ఆర్వో ప్లాంటు కావాలన్నా గేటు దగ్గర బేరమాడేది వాళ్లే. ఎవరూ ఎన్నుకోని మేనేజర్లు ప్రభుత్వం చేయాల్సిన పని చేస్తున్నారని 1970లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అభ్యంతరం చెప్పింది వాటాదారుల పక్షాన. ఊరి పక్షాన నిలబడి అడిగినా ఆ ప్రశ్న చెల్లుతుంది.

ఢిల్లీ కూడా దీన్ని రాజకీయాలకు దూరంగా ఉంచలేదు. 2020లో ప్రధాని పేరిట పెట్టిన పీఎం కేర్స్‌కు ఇస్తే సీఎస్ఆర్ అన్నారు, ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే కాదన్నారు.

పన్నులు, తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి రాయల్టీ కడుతున్నామన్నది కంపెనీల మాట. నిజమే, 2015 నుంచి జిల్లా ఖనిజ నిధికీ కడుతున్నాయి: పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో పొందినవాటికి 10 శాతం. కానీ ఆ నిధి గని తవ్వకంతో నష్టపోయిన వాళ్లదని చట్టమే రాసింది. సీఎస్ఆర్‌కు అలాంటి రాత లేదు. 2021 నిబంధనల ప్రకారం ప్రాజెక్టుల జాబితాను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అదీ బోర్డు ఆమోదించాకే.