గండికోట నుంచి నల్లమల దాకా: ఫాల్టులు, రాతి పొరలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: గండికోట లోయ భూకంపానికి నేల చీలి ఏర్పడింది.

వాస్తవం: పెన్న కోసిన లోయ అది. కోట అంచున నిలబడి ఎదుటి గట్టు చూడండి. ఇవతలి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) బండల వరస అవతలా అదే ఎత్తులో సాగుతుంది. నేల కుంగో లేచో ఉంటే ఆ వరస తప్పేది. బండల్లో కనిపించే నిలువు చీలికలు జాయింట్లు. అక్కడ రాయి విరిగింది కానీ జరగలేదు. విరిగిన చోట రాయి జరిగితేనే దాన్ని ఫాల్టు అంటారు. ఏటికి మాత్రం అవి సులువైన దారి.

అపోహ: పొరలన్నీ పేరుకున్నాకే ఫాల్టులు వచ్చి విరగ్గొట్టాయి.

వాస్తవం: అన్నిచోట్లా కాదు. అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే. వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) మందం కిలోమీటరు దాటుతుంది. అందులోని స్ట్రోమటోలైట్లేమో (సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాతి దిబ్బలు) ఎండ తగిలే లోతులేని నీటిలో పెరిగినవి. అంటే ముందే ఉన్న పెద్ద గుంట నిండడం కాదిది. అడుగు కుంగుతున్నకొద్దీ పైన సున్నం పేరుకుంటూ వచ్చింది. ఇలా కుంగే చోట్ల ఫాల్టు కదులుతుండగానే మేట పడితే, దిగిన వైపు పొర మందంగా వస్తుంది.

దీన్ని తేల్చాలంటే ఒకే పొర మందం ఫాల్టుకు రెండు వైపులా కొలవాలి. పొర వాలు దిశలోనే నడవండి. చదునైన నేల మీద నడిచిన దూరాన్ని వాలు కోణం సైన్‌తో గుణించాలి. 10 డిగ్రీల వాలులో 100 మీటర్లు నడిస్తే అసలు మందం 17 మీటర్లే. వాలు దిశ తప్పి పక్కకు నడిస్తే లెక్క పెరుగుతుంది. ఫాల్టును ఆనుకుని కొలవకండి, అక్కడ పొరలు ఈడ్చుకుపోయి వంగి ఉంటాయి. పైభాగం కోతకు గురైన పొర కూడా పనికిరాదు. రెండు వైపులా మందం ఒకటే వస్తే ఆ పొర పేరుకున్నాకే ఫాల్టు కదిలిందనుకోవచ్చు.

అపోహ: ఎక్కడైనా కిందున్నది పాతది, పైనున్నది కొత్తది.

వాస్తవం: నల్లమల పడమటి అంచున పాత నల్లమల శిలలు తమకన్నా చిన్నవైన కర్నూలు శిలల మీదికి తోసుకొచ్చాయి. అలాంటి చోట డ్రిల్లింగ్ కోర్‌లో (నేల తొలిచి తీసిన రాతి కడ్డీలో) ఒకే పొర రెండుసార్లు తగలొచ్చు. అదే పైబండ కిందికి జారిన ఫాల్టయితే (నార్మల్ ఫాల్టు) పొర మాయం కావచ్చు.

అపోహ: పొర కిలోమీటరు జరిగిందంటే మహా భూకంపం వచ్చినట్టే.

వాస్తవం: ఊరికే లెక్క వేయండి. ఒక్కో కుదుపుకు 2 మీటర్లు, 5 వేల ఏళ్ళకో కుదుపు అనుకుంటే, 500 కుదుపులకు 25 లక్షల ఏళ్ళు. పులివెందుల దగ్గర ఈ పొరల్లోకి చొరబడిన అగ్నిశిల వయసే సుమారు 188 కోట్ల ఏళ్ళు!

అపోహ: ఫాల్టు మీద బోరు వేస్తే నీళ్ళు ఖాయం.

వాస్తవం: ఫాల్టు నడిమిలో రాయి నలిగి బంకమట్టి అయితే నీరు కదలదు, పైగా బోరు పూడిపోతుంది. నీళ్ళకు ఆశ ఉన్నది పక్కనే ముక్కలైన రాతి పట్టీలో. ఫాల్టు కూడా వాలుగానే దిగుతుందని మరిచిపోయి పైన గీత కనిపించిన చోటే పాయింటు పెడుతుంటారు. వాలు 60 డిగ్రీలుంటే, 100 మీటర్ల లోతులో అది తగలడానికి వాలిన వైపు దాదాపు 58 మీటర్లు జరగాలి.