స్ప్రింగులు కోయకండి, ముందు గాలి చూడండి

కడప

చిరంజీవులకు ఆశీస్సులు.

"పెదనాయనా, గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో కారు ఊగుతోంది. కిందికి దించి వెడల్పు టైర్లు వేయిస్తే రోడ్డుకు అతుక్కుంటుందా?" అని అడిగారు కదా. ఊగడం వేరు, జారడం వేరు. బాగా ఒరిగే కారు కూడా మలుపును గట్టిగా పట్టుకోవచ్చు. రాయిలా బిగిసిన కారు గతుకు తగలగానే పక్కకు గెంతవచ్చు. మీ కారుది ఏ జబ్బో తేలకుండా డబ్బు తీయొద్దు.

కారు ఎంత బరువున్నా నేలను తాకేది నాలుగే చోట్ల, ఒక్కో చోట అరచేయంత మేర. బ్రేకైనా స్టీరింగైనా పనిచేసేది ఆ నాలుగు అరచేతుల మీదే. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ మోయదు, స్ప్రింగు ఊపును ఆపుతుంది. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా దూరాల్సి రావడంతో ఆ ఊపు వేడిగా మారి చల్లారుతుంది. షాకబ్జర్ చచ్చిపోతే చక్రం గతుకు దాటాక నేల మీద నిలవదు, చిందులేస్తుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టెక్కడిది? నంద్యాల వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి దాని మీది రోడ్డు అలలు తేలుతుంది. అక్కడ కారు పడవలా లేచి పడుతుంటే ముందు షాకబ్జర్లనే అనుమానించండి. బంపర్ మీద బరువేసి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలిస్తే సరే, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టే. షాకబ్జర్ ఒంటి మీద నూనె కారిన మరక ఉంటే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. మార్చేటప్పుడు ఎడమా కుడీ జతగా మార్చాలి.

అంతకంటే ముందు చూడాల్సింది గాలి. దీనికి ఖర్చు లేదు, అందుకే ఎవరికీ పట్టదు. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. మామూలు బరువుకు ఒక అంకె, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటికి ఇంకో అంకె. టైరు గోడ మీద అచ్చయింది గరిష్ఠ అంకె, మీరు కొట్టించాల్సింది కాదు. పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. దూరం నడిచిన టైరులో నాలుగైదు పౌండ్లు పెరిగి కనిపిస్తుంది. అది చూసి తీసేయకండి, చల్లారితే తక్కువై కూర్చుంటుంది. గాలి తక్కువైన టైరు గోడ తిరిగిన ప్రతి చుట్టుకూ నలుగుతుంది, నలిగిన కొద్దీ కాగుతుంది. మన మే నెల తారు మీద, నిండు బరువుతో, వేగంగా పోతే అది పేలడానికి ఇంకేమీ అక్కర్లేదు.

టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. వెడల్పు పెంచాలంటే 195/60 ఆర్15 వేయండి, ఎత్తు 615 వస్తుంది, తేడా ఒక్క శాతమే. 205/65 వేస్తే 647.5 అవుతుంది. మీటరు వేగాన్ని 4 శాతం తక్కువ చూపిస్తుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకోవచ్చు. బరువు అంకె మాత్రం పాతదానికంటే తగ్గకూడదు.

పాత టైరైతే వయసు చూడండి. టైరు గోడ మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి ఎంత లోతున్నా రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద సబ్బే. గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మల మట్టానికి, అంటే 1.6 మిల్లీమీటర్లకు, అరిగితే ఇక ఆలోచన వద్దు. రెండే కొత్తవి కొనగలిగితే వెనక్కి వేయండి. వానలో ముందు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక జారితే గిర్రున తిరుగుతుంది.

తర్వాత బుష్షులు, జాయింట్లు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి వీలిచ్చే గుండు కీలు) గానీ బేరింగ్ గానీ అరిగినట్టు. పక్కలు పట్టి ఊపితే ఆడిందంటే స్టీరింగ్ రాడ్డు చివర అరిగినట్టు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల నాపరాళ్ల దారుల్లో తిరిగే బండికి బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగిందా అని చూడాలి. రాతిపొడి గ్రీజులో కలిస్తే ఆకురాయి పనిచేస్తుంది.

లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కారు అడుగుకు కలిపే కింది ఇనుప చేయి, దాని బుష్షు బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. బుష్షు అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికిన రబ్బరు. ఆర్మ్ ఆడిన కొద్దీ రబ్బరు మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. కారు జాకీ మీద ఉండి, చక్రం వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే లోపలి గొట్టం ఆ వాలులోనే పట్టుకుపోతుంది. కారు నేలకు దిగాక, నిలబడి ఉన్నా రబ్బరు మెలికలోనే ఉంటుంది. కొత్త బుష్షు కొన్నాళ్లకే చిరిగేది అందుకే. చేత్తో బిగించి, బరువు చక్రాల మీదికి వచ్చాక పాన పట్టాలి. ముందు చక్రాల షాకబ్జర్ మీది పెద్ద నట్టు జోలికి మాత్రం మీరు పోవద్దు. స్ప్రింగును క్లాంపుతో నొక్కకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు ముఖాన కొడుతుంది.

ఇక కిందికి దించడం. చుట్టు కోసేస్తే స్ప్రింగు పొట్టిదై, గట్టిపడి, సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం ఆడే జాగా తగ్గి ప్రతి స్పీడ్ బ్రేకరుకూ అడుగు తగులుతుంది, షాకబ్జర్లు త్వరగా పోతాయి. చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు ఇరికిస్తే ఆ చుట్లు పనిచేయవు, భారమంతా మిగతా చుట్ల మీద పడుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ఇదే పేచీ వస్తుంది.

వీల్ అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర. బుష్షు ఆడుతుండగా చేయించిన అలైన్‌మెంట్ గేటు దాటగానే మారిపోతుంది. టైరు అంచులు చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలితే టో తప్పిందని, అంటే చక్రాలు తిన్నగా కాక లోపలికో బయటికో తిరిగి ఉన్నాయని అర్థం. చక్రాలు విప్పిన రోజు నట్లను ఎదురెదురుగా బిగించమనండి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పాన పెట్టి చూసుకోండి.

ఆ డోరు స్టిక్కర్ మీది అంకెలు, మీ టైరు మీది నాలుగంకెలు నాకు రాసి పంపండి.

మీ
పెదనాయన